తాళంచెవి ఆయన జేబులోనే ఉంది

2019 ఆగస్టు 22, గురువారం. చాంద్రమానంలో ఏడో నెల ఇరవై రెండు. పొద్దున లేచి అన్నం వండి మా ఆయనకు డబ్బా కట్టాను. రెండు దుప్పట్లు ఉతికి ఆరేశాను. కరెంటు మేస్త్రీ గారి భార్య శ్యూ-చిన్ వదిన ఇంటికి వెళ్లాను. అక్కడి నుంచి కార్మిక భద్రత తనిఖీ కార్యాలయానికి వెళ్లి, ఒక వైరు అప్పగించి, ఒక కాగితం మీద సంతకం పెట్టాను. మధ్యాహ్నం కూర్చుని, సాయంత్రం బజారు హాల్లో సభలో చదవడానికి ఇది రాసుకున్నాను.

తూర్పు వాగు బజారు పెద్దలకు, దుకాణాలవాళ్లకు, పైఅంతస్తుల్లో కాపురముంటున్న ఇరుగుపొరుగువారికి, శ్యూ-చిన్ వదినకు నమస్కారం. నా పేరు వెంగ్ లి-హ్వా. మీకు తెలిసినదాన్నే. నాకు దుకాణం లేదు, ఇల్లు చూసుకునే మనిషిని. పన్నెండేళ్లుగా బజారు పూజా సంఘం సామాన్లు నా దగ్గర ఉంటాయి. కాగితం చూసి చదువుతున్నాను, ఏమీ అనుకోకండి. చూడకుండా చెప్పాలంటే ఎక్కడ ఏది వదిలేస్తానో నాకే తెలియదు.

పోయినవాళ్లు తిరిగొచ్చే ఏడో నెలలో ఇలాంటి సభ పెట్టకూడదని కొందరు పెద్దలు అన్నారు. నిజమే. అంత్యక్రియల వీడ్కోలు పూజ వచ్చే నెలలో ఇంటివాళ్లు మంచిరోజు చూసి చేస్తారు. ఇది మనం, ఈ బజారువాళ్లం, మనలో మనం కూడిన సభ. హాల్లో ఏసీలు వెయ్యలేదు. వేసే వీలు లేదు. మేడ మీది లైను పని మధ్యలోనే ఉంది కదా. ఉక్కగా ఉంది. ఓర్చుకోండి.

జ్యెన్ తెంగ్-ఫు మేస్త్రీ గారు పోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నలభై దాటింది. ఒంటిగంటా ముప్ఫైకి ఆయన మేడ మీది నుంచి తొంగిచూసి, "లి-హ్వా, టర్కీ కోడి అన్నం నాకు ఒక పొట్లం పక్కన పెట్టు, పాన్‌గాడికి రెండు, వాడి పొట్ట నీకు తెలుసుగా!" అని కేకేశారు. పది నిమిషాలు. పది నిమిషాల్లో అలా కేకేసిన మనిషి లేడు. మీకెవరికైనా ఇది మింగుడుపడుతోందా? నాకు పడటం లేదు. ఆ మూడు పొట్లాలు సాయంత్రం దాకా నా టేబుల్ మీదే ఉన్నాయి.

అన్నలారా, అక్కలారా. ఆయన గురించి మంచి మాటలు చెప్పడానికి ముందు ఒక మాట చెప్పాలి. చివరిదాకా దాచుకుంటే అది మోసం అవుతుంది.

ఈ నాలుగు రోజుల్లో బజారులో మూడు మాటలు తిరుగుతున్నాయి. నేనూ విన్నాను. మేస్త్రీ ముసలివాడయ్యాడు, మెయిన్ స్విచ్చి ఆపడం మరిచిపోయి ఉంటాడని ఒకటి. కింద బోర్డు దగ్గర కాపలా ఉన్న ఆయన తోటి పనివాడు పాన్ మావ్-సుంగ్ తెలియక స్విచ్చి వేశాడని రెండోది. పూజ రోజు పని పెట్టుకున్నాడు కాబట్టి ఈ నెలలో ఆ లోకం నుంచి తిండికి వచ్చే మంచి అన్నదమ్ములు తీసుకుపోయారని మూడోది. ఈ మూడూ అబద్ధం. మెయిన్ స్విచ్చి ఆపే ఉంది. దానికి తాళం వేసే ఉంది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. పోలీసులు తీసి చూపించారు. పాన్ అన్నయ్య దేన్నీ ముట్టుకోలేదు. మంచి అన్నదమ్ములు మనం పెట్టింది తిని వాళ్ల దారిన వాళ్లు పోయారు.

కరెంటు నేను పంపాను. నా చేత్తో ప్లగ్గు పెట్టి పంపాను. ఎలా పంపానో చెప్తాను. పొద్దున తనిఖీ కార్యాలయంలో చెప్పి వచ్చాను. దానికి ముందు శ్యూ-చిన్ వదినకు చెప్పాను. వదిన అంతా విన్నది. తరవాత, "నాకు చెప్తే చాలదు లి-హ్వా. బజారులో చెప్పు. మావ్-సుంగ్ వినేలా చెప్పు," అంది. అందుకే నిలబడ్డాను.

కూర్చోండి. దయచేసి కూర్చోండి. సెలూన్ పావ్-చూ, నువ్వు కూడా. అంతా విన్నాక నన్ను ఏమన్నా అనండి.

ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పనివ్వండి. మరిచిపోయి ఉంటాడు అనే మాట ఎంత అన్యాయమో అప్పుడు గాని తెలియదు.

ఆ-లువాన్ పిన్ని చేపల కొట్టు మీ అందరికీ తెలుసు. ఆరేళ్ల కిందట కొట్టు వెనక ఒక పెద్ద ఏసీ పెట్టించుకుంది. ఎవరో తక్కువలో అయిపోతుందని బిగించి వెళ్లారు. ఆ తరవాత పిన్ని రోజూ మధ్యాహ్నం ఆ ఏసీ ఇనప డొక్కు మీద మోచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని కూర్చునేది. ఏంటి పిన్నీ అంటే, "కీళ్లనొప్పికి వైద్యం. ఆసుపత్రిలో కరెంటు పెట్టించుకుంటే వరసలో గంట కూర్చోవాలి. ఇక్కడ చీమలు పాకినట్టు జుమ్మని పాకుతుంది, ఊరికే!" అని నవ్వేది. మేమూ నవ్వాం. ఒకరిద్దరు వెళ్లి చెయ్యి ఆనించి చూశారు కూడా. నేనూ ఆనించాను. హాయిగానే ఉందనిపించింది.

మేస్త్రీ గారు చేపలు కొనడానికి వచ్చి ఆ మాట విన్నారు. చేతిలో సంచీ కింద పడేశారు. పిన్ని రెక్క పట్టుకుని ఇవతలికి లాగారు. తెల్లరబ్బరు బూట్లు, కింద నీళ్లు, చేతికి చేప తడి. ఆ రోజు బూట్లు వేసుకుంది కాబట్టి చీమలు పాకాయి, చెప్పులతో ఉంటే ఏం పాకేదో! డొక్కు వెనక చూస్తే ఎర్తు తీగ లేదు. కొస కత్తిరించి లోపలికి మడిచేసి ఉంది. లోపలెక్కడో వైరు తోలు పోయి డొక్కంతా కరెంటు నిలబడి ఉంది. ఆయన ఆ రోజు ఇంటికి పోలేదు. చెడ్డ వైరు మార్చారు. నేలలో కడ్డీ దింపి, మందంగా పచ్చ తీగ లాగి, డొక్కుకు బిగించారు. అది అయ్యాక పిన్ని చెయ్యి ఆనించి చూసుకుంది. ఏమీ లేదు. "ఏం మేస్త్రీ, నా వైద్యం పాడుచేశావు, ఇప్పుడు నా మోచెయ్యి నువ్వు పిసుకుతావా?" అని అరిచింది. ఆయన వంచిన తల ఎత్తకుండా, "పిసుకుతాను పిన్నీ, నువ్వు బతికుంటే రోజూ పిసుకుతాను," అన్నారు.

పిన్ని అక్కడ కూర్చుని ఏడుస్తోంది. పిన్నీ, ఏడవకు. కాదు, ఏడువు.

తరవాత పావ్-చు సెలూన్. పావ్-చూ, చెప్పనా? చెప్తాను. పావ్-చు ఉన్న ఏసీ చాలక ఇంకోటి కొన్నది. పాత దాని లైనుకే దీన్నీ తగిలించింది. వేసవి వచ్చింది. పది నిమిషాలకోసారి బ్రేకర్ పడిపోయేది. సగం జుట్టుకు రంగు వేసుకుని ఆడవాళ్లు చీకట్లో కూర్చునేవారు. మేస్త్రీ గారిని పిలిచి, "అన్నా, ఆ బ్రేకర్ బలహీనంగా ఉంది, పెద్దది పెట్టెయ్," అంది. ఆయన చూసి, "బ్రేకర్ బాగానే ఉంది. లైను సన్నం. రెండో ఏసీకి బోర్డు నుంచి వేరే లైను, వేరే బ్రేకర్ ఉండాలి. గోడ కొట్టాలి, రెండు రోజులు కొట్టు మూసుకో," అన్నారు. రెండు రోజులా! పావ్-చు ఎంత గొడవ చేసిందో నాకు మూడో అంతస్తులోకి వినపడింది. "మీ మగవాళ్లకేం తెలుసు, పెళ్లిళ్ల సీజను ఇది! చిన్న బ్రేకర్ తీసి పెద్దది పెట్టడానికి రెండు రోజులా? నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకర్ని పిలుస్తా!" అంది.

ఆయన కోప్పడలేదు. "పావ్-చూ, ఇంట్లో కుక్క అరుస్తోందనుకో. గోడ దూకుతున్న దొంగని చూస్తావా, కుక్క నోరు కట్టేస్తావా? పెద్ద బ్రేకర్ పెడితే అరవడం మానేస్తుంది. అంతే. గోడలో వైరు మాత్రం కాలుతూనే ఉంటుంది," అన్నారు. పావ్-చు నిజంగానే ఇంకొకర్ని పిలవడానికి ఫోను తీసింది. ఆయన వెళ్లిపోలేదు. సెలూన్ గుమ్మం ముందు బోర్లించిన బాల్టీ మీద కూర్చున్నారు. "వచ్చినవాడితో మాట్లాడి పోతా," అన్నారు. మధ్యాహ్నం వచ్చినవాడు ఆయన్ని చూసి, మాట విని, తనే సిగ్గుపడి వెళ్లిపోయాడు. మర్నాడు పావ్-చు కొట్టు మూసింది. గోడ కొట్టి చూస్తే పాత వైరు తోలు బెల్లం పాకంలా కారి ఇటుకకు అంటుకుని ఉంది. పావ్-చు ఆ ముక్క ఇప్పటికీ సొరుగులో దాచింది. అవునా కాదా?

ఇక తాళాల సంగతి. మేడ మీద ఏసీ పెట్టె విప్పాలంటే ఆయన ముందు కిందికి వచ్చి స్విచ్చి ఆపేవారు. ఆపి, దానికి ఎర్ర తాళం వేసేవారు. తాళానికి ఒక అట్టముక్క కట్టి దాని మీద తన పేరు, టైము రాసేవారు. తాళంచెవి తన జేబులో వేసుకునేవారు. పైకి వెళ్లి, మీటరు పెట్టి, కరెంటు లేదని రెండుసార్లు చూసుకుని గాని వేలు పెట్టేవారు కాదు. పాన్ అన్నయ్య పైన పని చేస్తే ఆయన తాళం వేరు. ఇద్దరూ చేస్తే రెండు తాళాలు. టోఫు కొట్టు వాళ్లు, "ఏం మేస్త్రీ, మీ ఆవిడ బీరువాకైనా ఇన్ని తాళాలున్నాయా?" అని ఆటపట్టించేవారు. "మా ఆవిడ బీరువాలో చెయ్యి పెడితే తిట్లతో పోతుంది," అనేవారు. ముప్ఫై నాలుగేళ్లు. ఒక్కరోజు ఆ తాళం వెయ్యకుండా మేడ ఎక్కడం మీరెవరైనా చూశారా? పది నిమిషాల పనికైనా? వానలో అయినా? నేను వంటింటి కిటికీలోంచి పన్నెండేళ్లు చూశాను. ఒక్కసారి కూడా లేదు.

అలాంటి మనిషి మరిచిపోయాడట. ఈ మాట ఇక ఈ బజారులో ఎవరి నోటా రాకూడదు.

ఇప్పుడు నా సంగతి.

రెండేళ్ల కిందట తుఫాను వచ్చి మూడు రోజులు కరెంటు పోయింది గుర్తుందా? అప్పుడు మనవాళ్లెవరో ఒక వైరు తయారుచేశారు. రెండు కొసలకూ ప్లగ్గులు. ఒక కొస జనరేటర్‌కి, ఇంకో కొస గోడకు. గోడకు పెడితే కరెంటు వెనక్కి నడిచి ఇంట్లో లైట్లన్నీ వెలుగుతాయి. భలే ఉపాయం అనుకున్నాం. తుఫాను వెలిశాక ఆ వైరు పూజా సంఘం సామాన్లలో చేరింది. నేను జాబితాలో రాసుకున్నాను: మందపు వైరు ఒకటి, పదిహేను మీటర్లు, ప్లగ్గులు రెండు.

ఒకరోజు మేస్త్రీ గారు సామాన్ల గదిలో దాన్ని చూశారు. ఆయన ముఖం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడికక్కడే కటింగ్ ప్లేయరు తీసి మధ్యకు టుక్కుమని కత్తిరించారు. రెండు ప్లగ్గుల్లో ఒకటి రాయి పెట్టి చితక్కొట్టారు. బయట కూరలు ఏరుకుంటున్న ఆడవాళ్లు, "ఏం మేస్త్రీ, ఇంట్లో కోపం వైరు మీద తీర్చుకుంటున్నావా?" అన్నారు. ఆయన నవ్వలేదు. "ఇది వైరు కాదు, రెండు తలల పాము. ఒక కొస గోడలో పెడితే రెండో కొస పళ్లు బయటికి ఉంటాయి. గోడలోకి పోయిన కరెంటు ఎక్కడ తేలుతుందో పెట్టినవాడికి కూడా తెలియదు. లి-హ్వా, ఇలాంటిది మళ్లీ కనపడితే నాకు చెప్పు," అన్నారు. చెప్తానన్నాను.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో వినండి. సంవత్సరం చివర జాబితా సరిచూసుకుంటుంటే ఆ ఒక్క అంశం దగ్గర లెక్క తప్పింది. వైరు ఒకటి ఉండాలి, రెండు ముక్కలున్నాయి. ప్లగ్గులు రెండు ఉండాలి, ఒకటే ఉంది. జాబితాలో దాన్ని కొట్టేస్తే సరిపోయేది. ఒక గీత. ఆ గీత గియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పన్నెండేళ్లలో నా జాబితాలో ఒక్క కొట్టివేత లేదు. గిన్నె సొట్టపడితే సరిచేయించాను. గొడుగు చిరిగితే కుట్టించాను. అలాగే ఈ ముక్కలు రెండూ సంచిలో వేసుకుని స్టేషను దగ్గర ఒక చిన్న రిపేరు కొట్టుకు తీసుకెళ్లాను. జాబితా చూపించి అలాగే చెయ్యమన్నాను. ఆ కొట్టతను రెండోసారి చూశాడు. "రెండు పక్కలా ప్లగ్గులేంటమ్మా? ఒక పక్క సాకెట్టు పెట్టనా?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఇలాగే ఉండేది బాబూ, ఇలాగే చెయ్యి," అన్నాను. అతుకు బాగా వేశాడు. చుట్టి తెచ్చి గదిలో పెట్టాను. జాబితా సరిపోయింది. ఆ రోజు నాకు హాయిగా నిద్రపట్టింది.

మేస్త్రీ గారు ప్రాణాంతకం అని కత్తిరించిన వస్తువును నేను లెక్క సరిపోవడం కోసం అతికించి పెట్టాను.

ఇక ఆదివారం, మన బజారు పూజ రోజు. పొద్దున పదింటికి సాయంత్రం విందు కోసం ఈ హాల్లో ఏసీలు వేసి చూశాం. కాలిన వాసన వచ్చింది. ఇరవై టేబుళ్ల విందు, ఆగస్టు ఎండ. మేస్త్రీ గారు ఇంట్లో పూజ ఏర్పాట్లలో ఉన్నారు. ఫోను చేసింది నేనే. "ఇవాళా?" అన్నారు. "మేస్త్రీ గారూ, రెండొందల మంది పెద్దవాళ్లు ఉడికిపోతారు," అన్నాను. వచ్చారు. పాన్ అన్నయ్యను తీసుకుని వచ్చారు. మేడ మీది పెట్టెకు వెళ్లే లైను నల్లగా కమిలిపోయింది. పోయినేడు సంఘం రెండు ఏసీలు కొత్తగా తగిలించింది కదా, పాత లైను ఆ బరువు మోయలేకపోయింది. "లైను మొత్తం మార్చాలి. ఒంటిగంట నుంచి మూడు దాకా బజారు అంతటికీ మెయిన్ ఆపుతాను," అన్నారు.

నాకు దీపాల సంగతి గుర్తొచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకే వాకిట్లో వరసదీపాలు వెలిగించాం. ఆ లోకపు అతిథులను పిలిచాక, వాళ్లకని కాగితపు డబ్బు కాల్చేదాకా ఆ దీపాలు ఆరకూడదు. అది మన పద్ధతి. మా అత్తగారు నేర్పింది, ఆవిడకు వాళ్ల అత్తగారు. ఆయనతో అన్నాను. "కొవ్వొత్తులు పెట్టుకో లి-హ్వా. మంచి అన్నదమ్ములు కొవ్వొత్తి వెలుగులో తినడం ఎరగనివాళ్లు కాదు. బజారులో కరెంటు మాత్రం రెండు గంటలు ఉండదు," అన్నారు. "సరే మేస్త్రీ గారూ," అన్నాను. ఆయన మెయిన్ ఆపారు. తాళం వేశారు. అట్ట కట్టారు. తాళంచెవి జేబులో వేసుకున్నారు. పాన్ అన్నయ్యను బోర్డు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి మేడ ఎక్కారు.

కొవ్వొత్తులు పెట్టాను. గాలికి ఆరిపోయాయి. మళ్లీ వెలిగించాను, మళ్లీ ఆరిపోయాయి. టేబుళ్ల మీద వంటకాలన్నిటికీ అగరొత్తులు గుచ్చి ఉన్నాయి. అతిథులు ముఖం కడుక్కోవడానికి బేసిన్లో నీళ్లు, కొత్త తువ్వాలు పెట్టాం. అంతా సిద్ధం, దీపాలు లేవు. ముసలివాళ్లు గొణుగుతున్నారు. తోలుబొమ్మల బండివాళ్ల దగ్గర అదనంగా ఒక జనరేటర్ ఉంది. అడిగితే ఇచ్చారు. దీపాల వరస వాకిలి గోడలోని లైనుకు కట్టి ఉంది. విప్పి జనరేటర్‌కి తగిలించాలంటే నిచ్చెన కావాలి, గంట పడుతుంది. అప్పుడు నాకు జాబితా గుర్తొచ్చింది. మందపు వైరు ఒకటి, ప్లగ్గులు రెండు.

ఆయన ఆరోజు చెప్పిన మాట గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. నన్ను నేను నాలుగు రోజులుగా అడుగుతున్నాను. గుర్తొచ్చింది. గుర్తొచ్చి, మెయిన్ ఆపి ఉందిగా, ఇక భయమేముంది అనుకున్నాను. మెయిన్ ఆపి ఉంటే బజారులో ఎక్కడా కరెంటు ఉండదని, నేను పెట్టేది నా దీపాలకే పోతుందని అనుకున్నాను. మేడ ఎక్కి ఒక్క మాట అడగొచ్చు. మూడు అంతస్తులు. టేబుళ్ల దగ్గర పని ఉంది. అడగలేదు.

ప్లగ్గు పెట్టాను. దీపాలు వెలిగాయి. దీపాలే కాదు, లోపల ఎండుచేపల వరసలో లైట్లు వెలిగాయి, టోఫు కొట్టు ఫ్యాను తిరిగింది. మీరంతా చప్పట్లు కొట్టారు. "భలే వెంగ్ అక్కా!" అన్నారు. నేను నవ్వాను. జనరేటర్ మోత ఒక్కసారి బరువెక్కి మళ్లీ మామూలైంది. బోర్డు దగ్గర పాన్ అన్నయ్య కేక వినపడింది. "తాళం వేసే ఉంది, లైటెలా వెలిగింది? మేస్త్రీ! మేస్త్రీ!" అని అరుస్తూ మెట్ల మీద పరిగెత్తడం చూశాను. ఎందుకు పరిగెత్తుతున్నాడో అర్థం కాలేదు. పైనుంచి ఇంకో కేక వచ్చింది. నేను ప్లగ్గు పీకేశాను. జనరేటర్ ఆపేశాను. వైరు చుట్టి గదిలో పెట్టాను. పని అయ్యాక చుట్టి పెట్టడం నా అలవాటు. అందరూ పైకి పరిగెత్తుతుంటే నేను వైరు చుట్టాను.

అంత వేగంగా ఒక మనిషి పోతాడా? కింద చప్పట్లు ఆగలేదు, పైన ఆయన లేరు.

పోలీసులు జనరేటర్ దేనికి అని అడిగారు. దీపాలకి అన్నాను. అబద్ధం కాదు. ఇంకేమీ అడగలేదు. సోమవారం సామాన్లు సరిచూసుకుంటూ, వైరు ఒకటి, ప్లగ్గులు రెండు అని చదివాను. పెన్ను అక్కడే ఆగింది. ఎండుచేపల వరసలో లైట్లు ఎందుకు వెలిగాయో అప్పుడు తెలిసింది. గోడలోకి పంపిన కరెంటు బోర్డు దాకా నడిచింది. బోర్డు నుంచి కొత్త లైను పట్టుకుని మేడ ఎక్కింది. పైన ఆయన చేతిలో ఉన్నది ఆ లైను కొసే. తెలిసి కూడా సోమవారం, మంగళవారం నోరు విప్పలేదు. బుధవారం మా ఆయనకు చెప్పాను. వీడ్కోలు పూజ అయ్యేదాకా ఆగు అన్నాడు. ఈ మధ్యలో పాన్ అన్నయ్యను రెండుసార్లు స్టేషనుకు పిలిచారు. ఆయన చెప్పింది ఒకటే మాట, తాళం వేసే ఉంది, లైటు వెలిగింది. ఎవరూ నమ్మలేదు. మొన్న కూరల కొట్టు దగ్గర ఎవరో, ఎవరో చెప్పను, ఆయన వైపు చూసి ఉమ్మేశారు. నేను అక్కడే ఉన్నాను. చేతిలో ముల్లంగి పట్టుకుని నిలబడ్డాను. ఏమీ అనలేదు.

అందుకే ఇవాళ పొద్దున వైరు తీసుకుని వెళ్లాను. తనిఖీ అధికారి చిన్న వయసు అమ్మాయి. వైరు రెండు కొసలూ తిప్పి చూసింది. నేను ఒక్కటే అడిగాను, మేస్త్రీ గారు ఏమైనా తప్పు చేశారా అని. "కరెంటు వచ్చే దారిని ఆయన మూసి తాళం వేశారు. మీరు ఇంకో దారి తెరిచారు," అంది. ఆ మాట అలాగే రాయమన్నాను. రాసింది. నా మీద కేసు అవుతుందట. అవనివ్వండి. ఆయన పేరు పక్కన నిర్లక్ష్యం అనే మాట రాదు. పాన్ మావ్-సుంగ్ పేరు పక్కన అసలే రాదు.

మీ ఇళ్లలో, కొట్లలో అలాంటి వైరు ఉంటే ఇవాళే తెచ్చి కత్తిరించండి. జాబితాలో ఉంటే కొట్టెయ్యండి. ఏసీ లైను ముట్టుకునే ముందు ఎవరైనా తాళం వేసి అట్ట కడితే, ఆ తాళం విప్పేదాకా బజారు గోడల్లో దేన్నీ పెట్టకండి. దీపాలు ఆరితే ఆరనివ్వండి.

నేను క్షమించమని అడగడం లేదు. వదినను అడగలేదు, మిమ్మల్నీ అడగను. అడిగేది ఒక్కటే. ఇప్పుడు మనం లేచి ఆయన కోసం మౌనంగా నిలబడాలి. కానీ ఇరవై రెండేళ్లు ఆయన పక్కన పనిచేసిన మనిషి ఈ హాల్లో లేడు. గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నాడు. సభ మొదలైనప్పటి నుంచి అక్కడే ఉన్నాడు. లోపలికి వస్తే ఎవరైనా లేచిపోతారేమోనని భయం. ముందు వరసలో శ్యూ-చిన్ వదిన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అది వదినే వేయించింది.

పాన్ అన్నయ్యా, మీరు చెప్పింది నిజం. తాళం వేసే ఉంది. లైటు వెలిగింది. ఈ బజారు మీకు తల వంచాలి, ముందుగా నేను. లోపలికి రండి. మీరు వచ్చి వదిన పక్కన నిలబడేదాకా మేమెవరమూ లేవం. నేను మైకు దగ్గర నుంచి తప్పుకుంటాను, నా చోటు వెనక గోడ పక్కన.

ఆ-లువాన్ పిన్నీ, వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురా. దారి ఇవ్వండి. కుర్చీలు కొంచెం జరపండి, దారి ఇవ్వండి.

వచ్చారు.

ఇక అందరూ లేవండి. ఎవరూ ఏమీ మాట్లాడవద్దు.